దేవత ఉండాలంటే విగ్రహం ఉండాలా?

(హనుమకొండలో జరిగిన స్టూడియో చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: రాతి శిల్పి, వస్తువులను ఒక చోట అమర్చి కళాకృతిగా మలిచే ఇన్‌స్టలేషన్ కళాకారిణి, చరిత్ర అధ్యాపకుడు.)

వ్యాఖ్యాత: పురాణ పాత్రలు నేటి శిల్పానికి ఏమిస్తున్నాయి? రామప్పతో మొదలుపెడదామా, సార్?

శిల్పి: ఓరుగల్లులో ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి చూరు కింద నాగినిని చూడండి. ఒంటిని పాములు చుట్టుకున్నా ముఖంలో బెదురు లేదు. నల్లరాయి, అద్దంలా నునుపు. పైగా ఆమెను నిటారుగా నిలపలేదు, స్తంభం నుంచి చూరుకు ఏటవాలుగా పెట్టారు. కింద నుంచి తలెత్తితే మన మీదికే వంగినట్టుంటుంది. చూసేవాడు ఎక్కడ నిలబడతాడో లెక్కగట్టి చెక్కిన బొమ్మ అది.

కళాకారిణి: మేము చేసేదీ అదే కదండీ!

శిల్పి: కొత్త పేరు పెట్టుకున్నారు, అంతే కదా.

కళాకారిణి: అంతే కాదు. నా మనసు మేడారం వైపు లాగుతుంది. అక్కడ విగ్రహమే లేదు. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణ రూపంలో తెచ్చి గద్దె మీద నిలుపుతారు. జనం బెల్లాన్ని ‘బంగారం’ అంటూ సమర్పిస్తారు. ముఖం చెక్కకుండానే ఆ వీరవనితకు అంత బలం వచ్చింది. ఇక నేను కత్తి పట్టిన స్త్రీ బొమ్మ ఎందుకు చేయాలి? గద్దె, వెదురు, బెల్లం వాసన చాలు.

అధ్యాపకుడు: అక్కడే నా అభ్యంతరం. ఆ భరిణను తెచ్చేది కోయ పూజారులు. గద్దెను గ్యాలరీలో కడితే అలంకరణగా మిగులుతుంది. కథ ఎవరైనా చెప్పుకోవచ్చు, క్రతువు మాత్రం వాళ్లది. కాకతీయ తోరణం గతి చూశాం కదా, ఫ్లెక్సీల మీదా, సిమెంటు గేట్ల మీదా అదే. ఇక దాన్ని ఎవరూ ఆగి చూడరు.

కళాకారిణి: నిజమే. గద్దె జోలికి పోను. బెల్లం దిమ్మలు మాత్రం పేరుస్తాను.

శిల్పి: చీమలు పట్టవా అమ్మా?

కళాకారిణి: పట్టాలనే, సార్. బతుకమ్మను గంటల తరబడి పేర్చి, ఆ సాయంత్రమే చెరువులో వదలడం లేదా?

శిల్పి: ఉలి పట్టినవాడికి ఆ మాట మింగుడుపడదు. సరే, చీమలు తిన్న శిల్పాన్ని కొనేదెవరు?

కళాకారిణి: ఎవరూ కొనరు. అందుకే బడిలో డ్రాయింగు చెబుతున్నాను.