పవిత్ర గ్రంథాన్ని ప్రశ్నించిన విశ్వాసులు

[తెరపై: పాత ముద్రణాలయం, తడి సిరాతో ఆరబెట్టిన కాగితాలు]

నమస్కారం. మతం, సైన్సు అనే రెండు మాటలు పక్కపక్కన వినపడగానే మనకు గొడవే గుర్తొస్తుంది. గెలీలియోను విచారణకు నిలబెట్టడం, డార్విన్ మీద చర్చి మండిపడటం. ఆ కథలు నిజమే. అయితే వాటి పక్కనే ఇంకో కథ కూడా నడిచింది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. దేవుణ్ణి వదలకుండానే, తమ పవిత్ర గ్రంథాన్ని నిలదీసి అడిగినవాళ్ళ కథ అది. దాన్ని ఉదార మతవాదం అంటారు.

గట్టిగా నమ్మలేక, అలాగని వదల్లేక మధ్యలో ఊగిసలాడేవాళ్ళ మతం ఇదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఈ మనుషుల జీవితాలు చూస్తే తమ గ్రంథాన్ని వీళ్ళంత పట్టిపట్టి చదివినవాళ్ళు అరుదు అనిపిస్తుంది. చదివినందుకు వాళ్ళు చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు.

1553తో మొదలుపెడదాం.

[తెరపై: ఊపిరితిత్తులు, గుండె మధ్య రక్తం నడిచే దారి, గీతల్లో]

మైకేల్ సెర్వెటస్ స్పెయిన్‌లో పుట్టిన వైద్యుడు. ఆ ఏడాది తన పేరు బయటపెట్టకుండా ఒక పెద్ద మత గ్రంథం అచ్చు వేయించాడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతం బైబిల్లో ఎక్కడా లేదని అందులో వాదించాడు. అదే పుస్తకంలో ఒకచోట, గుండె కుడి భాగం నుంచి రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, ఎడమ భాగానికి తిరిగొస్తుందని రాశాడు. యూరప్‌లో ఈ సంగతి అచ్చులో కనపడటం అదే మొదటిసారి. అంతకు మూడు వందల ఏళ్ళ క్రితమే అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ దీన్ని కనిపెట్టాడు.

మత గ్రంథంలో రక్తప్రసరణ ఎందుకొచ్చింది? దేవుడు మనిషిలోకి ప్రాణాన్ని ఊదాడని బైబిలు చెబుతుంది. ఆ ఊపిరి ఒంట్లో ఏ దారిన పోతుందో తెలుసుకోవాలనుకున్నాడు సెర్వెటస్. దేవుణ్ణి గురించి వేసుకున్న ప్రశ్నే అతన్ని ఊపిరితిత్తుల దాకా తీసుకెళ్ళింది. అతని మనసులో ఇవి రెండు వేర్వేరు గదులు కావు.

కాథలిక్ విచారణాధికారులు పట్టుకుంటే తప్పించుకున్నాడు. దారిలో ప్రొటెస్టెంట్ల జెనీవాలో దొరికిపోయాడు. 1553 అక్టోబరు 27న అక్కడ సజీవంగా తగలబెట్టారు. పుస్తకం ప్రతులను కూడా వెతికి వెతికి కాల్చారు. నేటికి మిగిలినవి మూడే.

ఇది జరిగిన పదిహేనేళ్ళకు, అంటే 1568లో, నేటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాలో టోర్డా అనే ఊళ్ళో ప్రజాప్రతినిధుల సభ కూడింది. విశ్వాసం దేవుడిచ్చేదే కాబట్టి ఎవరినీ బలవంతపెట్టకూడదని, బోధకులు తమకు అర్థమైన విధంగా సువార్త చెప్పుకోవచ్చని శాసనం చేసింది. అన్ని మతాలకూ అది వర్తించలేదు. అయినా ఆ కాలానికి అది చిన్న అడుగు కాదు. దాని వెనుక ఉన్న బోధకుడు ఫెరెంత్స్ డేవిడ్ మాత్రం పాలకుడు మారాక జైలుపాలయ్యి 1579లో అక్కడే చనిపోయాడు.

ఇక నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వద్దాం.

[తెరపై: పెద్ద భూతద్దం, గాజు పాత్రలో ఎర్రటి పొడి]

జోసెఫ్ ప్రీస్ట్లీ. బడిలో ఆక్సిజన్ పాఠంలో ఈ పేరు వినే ఉంటారు. ఆయన చర్చి బోధకుడన్న సంగతి మాత్రం పాఠంలో ఉండదు. ఇంగ్లండు అధికారిక చర్చికి చెందని కుటుంబంలో పుట్టాడు. ఆ కాలంలో అలాంటివాళ్ళకు ఆక్స్‌ఫర్డ్‌లో చేరే వీలు లేదు, కేంబ్రిడ్జిలో చదివినా పట్టా రాదు. దాంతో వాళ్ళు సొంతంగా విద్యాలయాలు పెట్టుకున్నారు. ఆ విద్యాలయాల్లో చర్చ ఎక్కువ. ఒకే ప్రశ్న మీద రెండు పక్షాలూ వినిపించేవారు. ప్రీస్ట్లీ చదివిందీ, తర్వాత పాఠాలు చెప్పిందీ అలాంటి చోటే. తలుపులు మూసినందువల్ల వెలిసిన ఆ బడుల్లోనే దేశంలోని మంచి చదువు కొంత జరిగింది.

1774 చూడండి. ఏప్రిల్ 17న లండన్‌లో, వేలంపాటలు జరిగే ఒక గదిలో, యూనిటేరియన్లు అని బాహాటంగా చెప్పుకునేవాళ్ళ మొదటి ఆరాధన జరిగింది. దేవుడు ఒక్కడే, యేసు మనిషే అన్నది వాళ్ళ నమ్మకం. త్రిత్వాన్ని కాదనడం అప్పటికి చట్టరీత్యా నేరం. 1813 దాకా నేరంగానే ఉంది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో ప్రీస్ట్లీ ఉన్నాడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు. అదే ఏడు ఆగస్టు 1న ప్రీస్ట్లీ పాదరసం నుంచి తయారైన ఎర్రటి భస్మం మీద భూతద్దంతో ఎండను కేంద్రీకరించాడు. వెలువడిన వాయువులో కొవ్వొత్తి పెడితే మంట భగ్గున లేచింది. తర్వాత ఎలుకను పెట్టి చూశాడు. ఆపైన తానే పీల్చి చూశాడు.

ఆయన రెండు పనుల్లోనూ పద్ధతి ఒక్కటే. త్రిత్వం ఎప్పుడు పుట్టిందో తేల్చడానికి తొలి శతాబ్దాల క్రైస్తవ రచనలన్నీ తిరగేశాడు. యేసు తర్వాత కాలంలో, గ్రీకు తత్వశాస్త్రం ప్రభావంతో ఈ సిద్ధాంతం వచ్చి చేరిందని 1782లో ఒక గ్రంథం రాశాడు. అలాగని ఆయన నాస్తికుడా? ఎంతమాత్రం కాదు. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని, క్రీస్తు తిరిగొస్తాడని గట్టిగా నమ్మాడు. పలచబడిన భక్తి అనేవాళ్ళకు ప్రీస్ట్లీని చూపిస్తే చాలు.

1791 జూలై 14న బర్మింగ్‌హామ్‌లో ఫ్రెంచి విప్లవాన్ని మెచ్చుకునేవాళ్ళు విందు చేసుకున్నారు. ప్రీస్ట్లీ ఆ విందుకు వెళ్ళనే లేదు. అయినా ఆ రాత్రి చర్చికీ రాజుకీ జై కొడుతూ గుంపు బయల్దేరింది. ఆయన ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టింది. ఇంటి మీద పడి ప్రయోగశాలను, పుస్తకాలను, ఏళ్ళ తరబడి రాసుకున్న కాగితాలను నాశనం చేసింది. భార్యతో కలిసి కొద్దిలో తప్పించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత అమెరికా వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి కూడా చెప్పాలి. తన చేతుల్లో పుట్టిన వాయువు ఏమిటో ప్రీస్ట్లీ ఒప్పుకోలేదు. మండే వస్తువుల్లో ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందని, మండినప్పుడు అది బయటికి పోతుందని అప్పటి సిద్ధాంతం. ఫ్రాన్స్‌లో లావోయిజియే దాన్ని తూకాలతో పడగొట్టి, ఆ వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. ప్రీస్ట్లీ 1804లో చనిపోయేదాకా ఫ్లోజిస్టన్‌ను వదల్లేదు. వెయ్యేళ్ళకు పైబడిన మత సిద్ధాంతాన్ని ప్రశ్నించిన మనిషి, నూరేళ్ళ రసాయన సిద్ధాంతాన్ని వదల్లేకపోయాడు. దీన్నిబట్టి నాకు తోచేది ఒకటుంది. విశాలమైన మనసు ఉంటే సరిపోదు. మన తప్పును మనకు చూపించేవాళ్ళు ఉండాలి, వాళ్ళ మాటకు మన దగ్గర చోటుండాలి. రసాయనశాస్త్రంలో ఆ ఏర్పాటు ఉంది కాబట్టి ప్రీస్ట్లీ మొండికేసినా శాస్త్రం ముందుకు సాగింది. మతంలో ఆ ఏర్పాటు ఎవరు చేయాలి? ఈ ప్రశ్నకు మళ్ళీ వస్తాను.

[తెరపై: రెండు బల్లలు. ఒకదానిపై కత్తిరించిన పేజీలు, మరోదానిపై రాతప్రతి]

1820లో ఒక విచిత్రం జరిగింది. అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ప్రీస్ట్లీ రచనలు శ్రద్ధగా చదివినవాడు. ఆయన గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు సువార్తలు తీసుకుని, పదునైన బ్లేడుతో యేసు బోధలను కత్తిరించి ఖాళీ కాగితాల మీద అంటించుకున్నాడు. అద్భుతాలను పక్కన పెట్టేశాడు. ఇంచుమించు ఆ సమయానికే కలకత్తాలో రాజా రామమోహన్ రాయ్ యేసు నీతిబోధలను మాత్రం ఏరి పుస్తకంగా వేశారు. ఒకరు చేస్తున్నది ఇంకొకరికి తెలియదు. జెఫర్సన్ తన పుస్తకాన్ని ఇంట్లోనే దాచుకున్నాడు. రామమోహన్ అచ్చు వేశారు కాబట్టి దెబ్బలూ తిన్నారు. కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్‌లో ఉన్న క్రైస్తవ మిషనరీలు విరుచుకుపడ్డారు. ఆయన తిరిగి వాళ్ళ గ్రంథంలోంచే జవాబిచ్చారు. హీబ్రూ, గ్రీకు మూలాలు పట్టుకుని వాదించారు. ఆ వాదనల్లో విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ ఏకంగా రామమోహన్ పక్షానికి వచ్చి యూనిటేరియన్ అయిపోయాడు.

సతీసహగమనం మీద పోరాటం మనం పాఠాల్లో చదువుకున్నాం. 1823లో ఆయన గవర్నర్ జనరల్ ఆమ్హెర్‌స్ట్‌కు రాసిన ఉత్తరం కూడా చదవదగ్గది. ప్రభుత్వం కలకత్తాలో సంస్కృత కళాశాల పెట్టబోతుంటే, ఆ డబ్బుతో గణితం, భౌతిక విజ్ఞానం, రసాయనశాస్త్రం, శరీర నిర్మాణశాస్త్రం నేర్పించమని అడిగారు. ఉపనిషత్తులను బెంగాలీలోకి, ఇంగ్లీషులోకి తెచ్చిన పండితుడే ఈ మాట అన్నారు. గ్రంథం మీద ప్రేమకూ, రసాయనశాస్త్రం మీద ఆశకూ ఆయన మనసులో తగాదా లేదు.

[తెరపై: దక్షిణాఫ్రికా కొండలు, బల్ల దగ్గర ఇద్దరు మనుషులు]

దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు జాన్ విలియం కొలెన్సో బిషప్‌గా వెళ్ళాడు. గణితంలో దిట్ట. ఆయన రాసిన అంకగణితం ఇంగ్లండు బడుల్లో పాఠ్యపుస్తకం. అక్కడ జులూ భాష నేర్చుకుని బైబిలు అనువాదానికి కూర్చున్నాడు. సాయానికి విలియం ఎంగిడి అనే జులూ క్రైస్తవుడు ఉన్నాడు. నోవహు కాలపు జలప్రళయం దగ్గరికి వచ్చేసరికి ఎంగిడి, ఇదంతా నిజంగా జరిగిందా అని అడిగాడు. ప్రపంచంలోని జంతువులన్నీ ఒక ఓడలోకి వచ్చాయా?

కొలెన్సో భూగర్భశాస్త్రం చదివినవాడు. అలాంటి ప్రళయం ప్రపంచమంతటా రాలేదని ఆయనకు తెలుసు. ఎదురుగా నిజాయితీగా అడుగుతున్న మనిషికి దేవుడి పేరుమీద అబద్ధం చెప్పడమా? ఆయన వల్ల కాలేదు. మరోచోట, నిర్గమకాండంలో, యజమాని దెబ్బలకు బానిస ఒకటి రెండు రోజులు బతికి ఆ తర్వాత చనిపోతే యజమానికి శిక్ష లేదని, ఆ బానిస అతని సొమ్మేనని ఉంది. అది అనువదిస్తున్నప్పుడు పక్కనున్న జులూ క్రైస్తవుడు ఎంత కలవరపడ్డాడో తాను మరచిపోలేనని కొలెన్సో రాసుకున్నాడు. దేవుడు ఇలా అంటాడా అన్నదే ఆ మనిషి బాధ.

కొలెన్సో లెక్కలు తీశాడు. ఐగుప్తు, అంటే ఈజిప్టు, నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయుల్లో పురుషులే ఆరు లక్షలైతే మొత్తం జనం ఎంతమంది? ఎడారిలో వాళ్ళ పశువులకు మేత ఎక్కడిది? జనమంతా ఒకే గుడారం గుమ్మం ముందు నిలబడితే ఆ వరుస ఎన్ని మైళ్ళు పోతుంది? 1862లో పుస్తకం వెలువడింది, గగ్గోలు మొదలైంది. మరుసటి ఏడు కేప్‌టౌన్ బిషప్ ఆయన్ను పదవి నుంచి తొలగించాడు. 1865లో, వలస రాజ్యాల అప్పీళ్ళు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తొలగింపు చెల్లదంది. చర్చిలో చాలామంది మాత్రం ఆయన్ను మళ్ళీ దగ్గరికి రానివ్వలేదు.

అంకెల్లో కొన్ని పొరపాట్లున్నాయని అప్పట్లోనే వాదించారు. నాకు అంకెలకన్నా ఆ తర్వాత ఆయన బతికిన తీరు ముఖ్యం. 1873లో హ్లూబీ తెగ నాయకుడు లాంగలిబలేలెను నాటల్ ప్రభుత్వం వెంటాడి పట్టుకుంది, న్యాయం లేని విచారణ జరిపి శిక్షించింది. కొలెన్సో ఆయన పక్షాన నిలబడి, ఇంగ్లండు దాకా వెళ్ళి పోరాడాడు. వలసవాసుల్లో ఉన్న స్నేహితులు చాలామంది దూరమయ్యారు. జులూలు మాత్రం ఆయన్ను సొబాంటు అన్నారు, జనానికి తండ్రి అని. ఎంగిడి ప్రశ్నను ప్రశ్నగా విన్న మనిషి, లాంగలిబలేలె గోడును గోడుగా వినగలిగాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నా నమ్మకం.

ఇప్పుడు మతంలో తప్పు చూపించే ఏర్పాటు ఎవరు చేయాలన్న ప్రశ్న.

[తెరపై: కలకత్తా, 1878]

రామమోహన్ మొదలుపెట్టిన బ్రహ్మసమాజంలో తర్వాతి తరం నాయకుడు కేశవ చంద్ర సేన్. ఆయన మాట్లాడితే జనం కదిలిపోయేవారు. బాల్యవివాహాలకు వ్యతిరేకంగా 1872 నాటి వివాహ చట్టం కోసం ఆయనే పాటుపడ్డాడు. ఆ చట్టం ప్రకారం అమ్మాయికి కనీసం పద్నాలుగేళ్ళు ఉండాలి. 1878లో తన కూతురిని, ఆ వయసు నిండకుండానే, కూచ్‌బిహార్ మహారాజుకిచ్చి పెళ్ళి చేశాడు. అది దైవాదేశం అన్నాడు.

ఇలాంటి చోటే మతాలు చాలాసార్లు లొంగిపోతాయి. నాయకుడికి దేవుడే చెప్పాడంటే ఇంకెవరు మాట్లాడతారు? వీళ్ళు మాట్లాడారు. అదే ఏడు మే నెలలో శివనాథ శాస్త్రి, ఆనంద మోహన్ బోస్, ద్వారకానాథ్ గంగూలీ తదితరులు విడిపోయి సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు ఆనంద మోహన్ బోస్, కేంబ్రిడ్జి గణితంలో రాంగ్లర్, అంటే మొదటి శ్రేణిలో నెగ్గినవాడు, అయిన మొదటి భారతీయుడు. సంఘానికి రాతపూర్వక నియమావళి పెట్టారు. నిర్ణయాలు సభ్యులు ఎన్నుకున్న కమిటీవి. ఎవరికి ఏ ఆదేశం వచ్చినా దాన్ని సభలో పెట్టి తేల్చుకోవాల్సిందే. రసాయనశాస్త్రజ్ఞుడు ప్రఫుల్ల చంద్ర రే యువకుడిగా చేరింది ఈ సమాజంలోనే.

బయట బాల్యవివాహాలను తిట్టి ఇంట్లో చేసుకోవడం వీళ్ళు ఒప్పుకోలేదు, ఆడపిల్లల చదువు కోసం గట్టిగా పట్టుబట్టారు. 1883లో కలకత్తా విశ్వవిద్యాలయం పట్టా అందుకున్న మొదటి ఇద్దరు స్త్రీలలో కాదంబిని ఒకరు. ద్వారకానాథ్ గంగూలీని పెళ్ళాడింది కూడా ఆ ఏడాదే. పెళ్ళయ్యాక కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి, 1886లో వైద్యం చేయడానికి అర్హత పొందింది.