రైతు కట్టిన జీఎస్టీ: ఎక్కడ ఆగిపోతుంది, ఎక్కడ తిరిగి వస్తుంది

(అనంతపురంలో రైతు ఉత్పత్తిదారుల సంఘాల పాలకవర్గ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

వ్యవసాయానికి కొన్న వస్తువుల మీద, పొలంలో చేయించిన పనుల మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోవడం ఎలా అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. జవాబును చివరిదాకా దాచిపెట్టను. కేవలం రైతుగా ఉన్నంతవరకు మన దేశంలో ఆ పన్ను తిరిగి రాదు. అలాంటప్పుడు ఈ సభ ఎందుకని మీరు అడగవచ్చు. ఎందుకు రాదో అర్థమైతే ఎక్కడ వస్తుందో కూడా అర్థమవుతుంది. వచ్చే చోట కూడా మన సంఘాలు చేతులారా వదిలేసుకుంటున్న సందర్భాలను, పన్ను లెక్కలు చూసే నా వృత్తిలో తరచుగా చూస్తున్నాను.

బోరు మోటారు కాలిపోయి కొత్తది కొనడానికి టౌనుకు వచ్చిన రైతుకు అంగట్లో మొదట ఎదురయ్యే మాట మీకందరికీ తెలుసు. "బిల్లు కావల్లంటే పద్దెనిమిది పర్సెంటు పడుతుందన్నా, వద్దంటే చీటీ రాసిస్తా." బిల్లుతో తనకు పైసా తిరిగి రాదని రైతుకు తెలుసు, అందుకే చీటీకే ఒప్పుకుంటాడు. అది తప్పని నేను ఉపన్యాసం చెప్పగలను గాని, పన్ను చట్టం ఆ రైతుకు బిల్లు అడగడానికి ఒక్క కారణమైనా మిగల్చలేదన్న సంగతిని కూడా ఒప్పుకోవాలి. వారంటీ ఒక్కటే మిగిలిన కారణం.

మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని సేల్స్ టాక్స్ అనే అంటారు. 2005 ఏప్రిల్ 1న అది వ్యాట్ అయింది, 2017 జూలై 1న జీఎస్టీ అయింది. పేరు మారినా రైతు కొనే సరుకు మీద భారం ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంది. ఒక చీనీ (బత్తాయి) తోట తీసుకోండి. ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం, పీవీసీ పైపులకు, మోటారుకు, కేబుల్‌కు, కంచె తీగకు 18 శాతం. డ్రిప్పు పరికరాలకు 12 శాతం ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అదే రోజు ట్రాక్టరు 12 నుంచి 5కు, ట్రాక్టరు టైర్లు 18 నుంచి 5కు, సిమెంటు 28 నుంచి 18కి తగ్గాయి. పన్ను కలపకముందు ఏడు లక్షల ధర ఉన్న ట్రాక్టరు మీద 84 వేలు కట్టాల్సిన చోట ఇప్పుడు 35 వేలు కడుతున్నాం. ఇది నిజమైన ఊరట, కాదనను. అయితే తగ్గించడం వేరు, తిరిగి ఇవ్వడం వేరు.

జీఎస్టీలో వ్యాపారి తాను కొన్నప్పుడు కట్టిన పన్నును, తాను అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసుకుని మిగిలిందే ప్రభుత్వానికి కడతాడు. దీనినే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటున్నాం. రైతు దగ్గరికి వచ్చేసరికి ఈ గొలుసు తెగిపోతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 2వ సెక్షన్ 7వ క్లాజు ప్రకారం సొంత కష్టంతోనో, కుటుంబ సభ్యుల కష్టంతోనో, తన పర్యవేక్షణలో కూలీలను పెట్టుకునో భూమి సాగు చేసే వ్యక్తి గాని హిందూ అవిభక్త కుటుంబం గాని వ్యవసాయదారు. అతను తన పంట అమ్ముకున్నంత మేరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 23వ సెక్షన్ చెబుతుంది. తాజా చీనీకి, దానిమ్మకు, అరటికి, టమాటాకు పన్నే లేదు. అమ్మకం మీద పన్ను లేదు గనుక కొనుగోలు మీద కట్టినదాన్ని దేనిలోంచీ తీసుకోవడానికి లేదు. మనం మినహాయింపు అని సంతోషించేది లెక్కలో చూస్తే పన్ను లేకపోవడం కాదు, కట్టిన పన్నును అడిగే హక్కు లేకపోవడం.

వేరే దేశాల్లో ఈ ముడిని రెండు రకాలుగా విప్పారు. బ్రిటన్‌లో ఆహార పదార్థాల్లో ఎక్కువ భాగానికి మినహాయింపు కాకుండా సున్నా రేటు పెట్టారు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. సున్నా రేటు కూడా ఒక రేటే కాబట్టి అక్కడి రైతు వ్యాట్ రిజిస్ట్రేషన్ తీసుకుని, కొట్టానికి, కంచెకు, ట్రాక్టరుకు కట్టిన 20 శాతాన్ని వెనక్కి తెచ్చుకుంటాడు. ఐర్లండ్ పద్ధతి మన చిన్న రైతుకు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడ రిజిస్ట్రేషన్ లేని రైతు, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారుకు పాలో పశువులో అమ్మినప్పుడు, ఆ కొనుగోలుదారు ధర మీద నిర్ణీత శాతం అదనంగా రైతు చేతికే ఇస్తాడు. 2024లో అది 4.8 శాతం. రైతు మీద నిలిచిపోయిన పన్నుకు అది బదులు. అది కాక, షెడ్లు కట్టినా, కంచె వేసినా, నీరు నిలిచే పొలానికి కాలువలు తీసినా, బీడును సాగులోకి తెచ్చినా ఆ పనులకు పడిన వ్యాట్‌ను వ్యాట్ 58 అనే దరఖాస్తుతో నేరుగా ప్రభుత్వం నుంచి తెచ్చుకోవచ్చు. ట్రాక్టరు వంటి కదిలే యంత్రాలకు మాత్రం ఆ దరఖాస్తు పనికిరాదు.

ఇప్పుడు మన ఆదోని పత్తి మార్కెట్టును తలచుకోండి. రైతు తెచ్చిన పత్తిని జిన్నింగ్ మిల్లు కొన్నప్పుడు 5 శాతం జీఎస్టీని రివర్స్ ఛార్జి కింద, అంటే అమ్మినవాడికి బదులు కొన్నవాడే పన్ను కట్టే పద్ధతిలో, మిల్లే కడుతుంది. కట్టిన ఆ 5 శాతాన్ని దూది అమ్మకంలో క్రెడిట్‌గా తీసేసుకుంటుంది. మిల్లుకు నష్టం లేదు, ప్రభుత్వానికి నష్టం లేదు. రైతు ఆ పత్తి పండించడానికి పదివేల రూపాయల పురుగుమందు, ఆరువేల ఎరువు కొన్నాడనుకుంటే, వాటి మీద కట్టిన 1,800, 300 కలిపి 2,100 రూపాయలు పత్తి ధరలోనే మునిగి ఉన్నాయి, ఆ ధర మీద మళ్లీ 5 శాతం పడింది. పన్ను మీద పన్ను ఉండకూడదనే జీఎస్టీ తెచ్చామన్నారు, మార్కెట్ యార్డు గేటు దగ్గరే అది ఉంది. పన్నుకు సంబంధించిన కాగితం మిల్లు ఎలాగూ రాసుకుంటోంది. ఐర్లండ్‌లో లాగా అదే కాగితంలో రైతు ఖాతాకు ఒక శాతం జమ చేయడం అసాధ్యమేమీ కాదని నా అభిప్రాయం.

వ్యవసాయ పెట్టుబడుల మీద జీఎస్టీని పూర్తిగా ఎత్తేయాలన్న డిమాండు తరచూ వింటుంటాం. దానితో నేను సగమే ఏకీభవిస్తాను. ఎరువును మినహాయింపు జాబితాలో పెడితే, ఇప్పుడు రైతు దగ్గర తెగే గొలుసు ఎరువుల కంపెనీ దగ్గరే తెగుతుంది. ముడిసరుకు మీద, యంత్రాల మీద, రవాణా మీద కంపెనీ కట్టిన పన్నుకు క్రెడిట్ పోతుంది. అప్పుడు ఆ కంపెనీ దాన్ని బస్తా ధరలో కలుపుతుంది. బిల్లు మీద సున్నా కనిపిస్తుంది, బస్తా ధర తగ్గదు. అందువల్ల ఎగుమతులకు ఉన్నట్టు సున్నా రేటు అడగాలి, లేదా రైతుకు తిరిగి చెల్లింపు అడగాలి. మినహాయింపు అడిగితే అడిగింది ఇచ్చి కూడా ఏమీ ఇవ్వకుండా పోగలరు.

ఇక తిరిగి వచ్చే చోటు. మీ సంఘం కంపెనీగానో సహకార సంఘంగానో నమోదైంది కాబట్టి చట్టం దృష్టిలో అది వ్యవసాయదారు కాదు. అది తాజా కాయలు మాత్రమే సేకరించి అమ్మితే పరిస్థితి రైతుదే, క్రెడిట్ లేదు. వేరుశనగ కొని నూనె ఆడించి అమ్మితే మాత్రం తలుపు తెరుచుకుంటుంది. పది లక్షల యంత్రం కొని దాని మీద 18 శాతం చొప్పున లక్షా ఎనభై వేలు కట్టారనుకోండి. నూనె మీద పన్ను 5 శాతం కాబట్టి 36 లక్షల నూనె అమ్మేసరికి ఆ లక్షా ఎనభై వేలు పూర్తిగా సర్దుబాటు అవుతాయి. సరుకుల అమ్మకం 40 లక్షలు దాటేదాకా మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా యంత్రం కొనకముందే స్వచ్ఛందంగా తీసుకోవడం మంచిదని నేను చెప్పేది అందుకే. కొన్నాక తీసుకుంటే నిల్వ ఉన్న సరుకు మీద క్రెడిట్ దొరుకుతుంది గాని యంత్రం మీద దొరకదు. రిజిస్ట్రేషన్ అయ్యాక వ్యాపారం లేని నెలలో కూడా రిటర్ను వేయాలి, లేకుంటే ఆలస్య రుసుం పడుతుంది, దానికి సిద్ధపడే తీసుకోండి. ఇంకొక హెచ్చరిక: వంటనూనెల మీద మిగిలిపోయిన క్రెడిట్‌ను, అమ్మకం రేటు తక్కువన్న కారణంతో నగదుగా వాపసు ఇవ్వడం 2022 జూలై 18 నుంచి ఆపేశారు. సర్దుబాటు మాత్రమే ఉంది.

కట్టడాల దగ్గర చాలామంది బోర్లా పడతారు. 17వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం సొంతానికి కట్టుకునే గోడౌన్‌కు, షెడ్డుకు కొన్న సిమెంటు, ఇనుము మీద క్రెడిట్ లేదు. యంత్రానికీ, దాన్ని నేలలో బిగించే పునాదికీ, ఆధారాలకూ ఉంది. అంటే ఒకే లారీలో దిగిన సిమెంటులో గానుగ కింద పోసిన దానికి క్రెడిట్ వస్తుంది, దాని చుట్టూ లేపిన గోడకు రాదు. ఎన్ని బస్తాలు ఎందులోకి పోయాయో మేస్త్రీతో ఆ రోజే రాయించి, పునాది సరుకుకు బిల్లు విడిగా తీసుకోండి. రెండేళ్లకు లెక్కచూసే అధికారి వచ్చినప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ట్రాక్టరు, రోటవేటరు కొని సభ్యులకు బాడుగకిచ్చే సంఘాలకు క్రెడిట్ లేదు, ఎందుకంటే వ్యవసాయ యంత్రాల బాడుగ మీద పన్ను లేదు. కోల్డ్ స్టోరేజీలో రైతుల పంట నిల్వచేసే సేవదీ అదే కథ.

ఎగుమతి మాత్రం ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది. 2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి అరటి కంటైనర్లతో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు రైలు బయలుదేరినప్పుడు అందరం గర్వంగా మాట్లాడుకున్నాం. పన్ను సంగతి ఎవరూ మాట్లాడలేదు. దేశంలో అమ్మితే మినహాయింపులో ఉండే అరటికాయ, సముద్రం దాటితే సున్నా రేటు సరుకు అవుతుంది. లోపల మినహాయింపు ఉన్న సరుకైనా సరే, ఎగుమతి చేస్తే క్రెడిట్ తీసుకోవచ్చని, రాష్ట్రాల మధ్య అమ్మకాలకూ ఎగుమతులకూ వర్తించే ఐజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. సంఘమే తన పేరుతో ఎగుమతి చేస్తే, అట్టపెట్టెల మీద, ప్యాకింగ్ సామగ్రి మీద, తీసుకున్న సేవల మీద కట్టిన పన్నును నగదుగానే వాపసు అడగవచ్చు. గడువు రెండేళ్లు. దరఖాస్తు సక్రమంగా ఉంటే 60 రోజుల్లో తేల్చాలి. శీతల గది యంత్రం వంటి వాటి మీది పన్ను ఈ వాపసు లెక్కలోకి రాదు. కాయలను తోటలోనే బేరగాడికి అమ్మేస్తే ఈ హక్కంతా బేరగాడిదే.

చివరిగా బిల్లుల సంగతి. నాకు తెలిసిన ఒక సంఘం జల్లెడ యంత్రం కొని డబ్బు బ్యాంకు ద్వారానే కట్టింది. బిల్లు మాత్రం కార్యదర్శి సొంత పేరు మీద, సంఘం జీఎస్టీ నంబరు లేకుండా రాయించుకుంది. అమ్మినవాడి రిటర్నులో అది మామూలు వినియోగదారుకు అమ్మినట్టు ఎక్కింది, సంఘం 2బీ పట్టికలో, అంటే మనకు అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే పట్టికలో, కనిపించలేదు. ఆ లెక్క చూస్తున్నది నేనే. మూడు నెలలు ఆ పట్టిక తెరవకుండా, బిల్లు ఫైల్లో ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. కనుక్కునేసరికి అమ్మినవాడు బిల్లు మార్చనన్నాడు, క్రెడిట్ పోయింది. ప్రతి నెల 14న 2బీ తయారవుతుంది. అందులో మీ బిల్లు లేకపోతే ఆ రోజే అంగడికి ఫోన్ చేయండి. అప్పు మీద కొన్న సరుకుకు 180 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లులకు క్రెడిట్ తీసుకోవడానికి, ఆ ఏడాది వార్షిక రిటర్ను అంతకుముందే వేసెయ్యకపోతే, తర్వాతి నవంబరు 30 ఆఖరు.

పుస్తకాలు తెచ్చుకున్నవారు భోజనాల తర్వాత ఆ కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికి రండి. పోయిన ఏడాది యంత్రాల బిల్లులను ముందు తీయండి, మిగతావి తర్వాత చూద్దాం.