మీ ఊరి యూత్ సెంటర్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(తుప్పు పట్టిన తాళం, బాగా దగ్గరగా. వెనక నీలం రంగు ఇనుప తలుపు.)

ఈ తాళాన్ని కాసేపు చూడండి. మా ఊరి యువజన భవనానిది. పోయిన నెల దీని చెవి కోసం ఒక పూటంతా తిరిగాను. మాజీ సర్పంచ్ గారింటికి వెళితే, "నా దగ్గరెందుకుంటుంది అబ్బయ్యా, సెక్రటరీకి ఇచ్చేశా గదా" అన్నారు. సెక్రటరీకేమో బదిలీ అయింది. ఫోన్ చేస్తే, "పండక్కి సామాన్లు పెట్టుకుంటామని టెంట్ హౌస్ వాళ్ళు తీసుకున్నారండీ" అన్నారు. టెంట్ హౌస్ అతను నన్ను ఎగాదిగా చూసి, "తాళంతో నీకేం పనన్నా, లోపల ఏముందని?" అన్నాడు.

నిజమే, ఏముందని? కిటికీలోంచి చూశాను. వినాయక చవితి పందిరి కర్రలు, నాలుగు యూరియా బస్తాలు, గోడకు ఆనించిన ఒక క్యారమ్ బోర్డు. దాని నాలుగు మూలల్లో వలలు ఎప్పుడో ఊడిపోయాయి. బయట శిలాఫలకం మాత్రం తళతళలాడుతోంది, ఎవరో దాన్ని తుడుస్తున్నారు కాబోలు.

మా ఊరు కందుకూరు పక్క. 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అటు వెళ్ళాం. 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. జిల్లా మారింది గానీ తాళం మారలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అదే వారం పక్క ఊరి కుర్రాళ్ళు ఒక అర్జీ రాసి నాకు వాట్సాప్‌లో పంపారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తారట. "మా గ్రామ యువత భవిష్యత్తు దృష్ట్యా యూత్ సెంటర్ బిల్డింగ్ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన." అన్నా, ఒకసారి తప్పులు చూడు అన్నారు. స్పెల్లింగులన్నీ కరెక్టే. బిల్డింగ్ అనే ఒక్క మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. పిల్లల మీద కాదు. యూత్ సెంటర్ అంటే నాలుగు గోడలు, ఒక స్లాబు అని వాళ్ళకు నేర్పిన మనందరి మీద. అందుకే ఈ వీడియో.

(ఎండ. బస్టాండు. తాటాకు పందిరి కింద కుండలు.)

చలివేంద్రం తెలుసుగా. మన వైపు ఏప్రిల్ వస్తే పెట్టని సెంటర్ ఉండదు. మొదటి రోజు రిబ్బన్ కటింగ్, పన్నెండు మంది ఫోటోలతో ఫ్లెక్సీ, అందరికీ మజ్జిగ. రెండో రోజు నీళ్ళు. నాలుగో రోజు మూత తీస్తే అడుగున దుమ్ము, ఒక చచ్చిన చీమ. ఫ్లెక్సీ మాత్రం జూన్ గాలివానకు చిరిగేదాకా అలాగే ఉంటుంది.

నా చిన్నప్పుడు మా బస్టాండులో వేపచెట్టు కింద ఒక అవ్వ రెండు కుండలు పెట్టేది. పందిరి లేదు, ఫ్లెక్సీ లేదు. కుండల కింద ఇసుక, చుట్టూ తడి గోనె. పొద్దున్నే బోరింగు దగ్గర ఎనిమిది బిందెలు కొట్టుకొచ్చి పోసేది. పామూరు బస్సు వచ్చే వేళకు గ్లాసు కడిగి సిద్ధంగా పెట్టేది. బస్సు లేటైనా ఆమె లేటయ్యేది కాదు. బస్సు దిగిన వాడు అటూ ఇటూ చూడకుండా నేరుగా వేపచెట్టు దగ్గరికే నడిచేవాడు, నీళ్ళుంటాయని తెలుసు కాబట్టి.

ఈ రెండిట్లో చలివేంద్రం ఏది? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా ఇదే.

పది తప్పిన కుర్రాడు, ఐటీఐ చేసి ఇంట్లో కూర్చున్న కుర్రాడు, డిగ్రీ అయిపోయి పెళ్ళి సంబంధాల మధ్య ఇరుక్కున్న అమ్మాయి. వీళ్ళు ఊళ్ళో సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్ళాలి? చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పని దొరుకుతుందా, రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోవాలా, హైదరాబాద్ బస్సెక్కాలా, ఇంకో ఏడాది చదవాలా? ఈ మాట మాట్లాడటానికి ఊళ్ళో చోటు లేదు. రచ్చబండ పెద్దవాళ్ళది. టీ కొట్టు పార్టీలది. గుడి అరుగు మీద కూర్చుంటే "పనీపాటా లేదా" అంటారు. ఆ చోటు పేరే యూత్ సెంటర్. అడిగితే సమాధానం చెప్పే మనిషి, ఒక వేళకు, రోజూ అక్కడ ఉండాలి. గోడలు తర్వాత సంగతి.

గుడ్లూరు వైపు ఒక ఊళ్ళో చూశాను. ఊరి పేరు చెప్పొద్దన్నారు, మళ్ళీ ఫ్లెక్సీలు మొదలవుతాయని భయం. (నవ్వు) అక్కడ భవనం లేదు. ప్రైమరీ స్కూలు వరండా, ఒక ట్యూబ్ లైటు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా డీఎస్సీకి చదువుకుంటున్న ఒకాయన కూర్చుంటాడు. ఎదురుగా లాంగ్ నోట్‌బుక్. నేను తిరగేశాను. స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్ళు: పేరు, ఏం కావాలి, చివరి తేదీ, ఏమైంది. మొదటి గడిలో ఒక పేరు, రెండో గడిలో "ఫిట్టర్ అప్రెంటిస్ అప్లికేషన్, ఫోటో కావాలి", మూడో గడిలో ఎర్ర ఇంకుతో తేదీ. నాలుగో గడిలో "వెళ్ళాడు". ఇంకో వరసలో "కులం సర్టిఫికెట్, సచివాలయంలో ఇచ్చాం". కింద ఒక వరసలో "ఏమైంది" దగ్గర "రావడం మానేశాడు, ఇంటికెళ్ళి అడగాలి" అని ఉంది.

నాకు ఆ చివరి మాట దగ్గర కన్ను ఆగిపోయింది. రాని వాణ్ని కూడా లెక్కలో పెట్టుకున్నారు. మా ఊరి శిలాఫలకం మీద పద్నాలుగు పేర్లున్నాయి, అందులో ఊరి కుర్రాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

తెల్లవారుజామున ఆ వరండాకు వచ్చే కుర్రాళ్ళే కాలువ కట్ట మీద ఉంటారు. కానిస్టేబుల్ సెలెక్షన్లలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, అగ్నివీర్‌కు కూడా 1.6 కిలోమీటర్లే. పల్లెటూరి కుర్రాళ్ళు తప్పేది పరిగెత్తలేక కాదు, ఎంత పరిగెత్తామో తెలియక. వీళ్ళు టేపు పట్టి 400 మీటర్లు కొలిచి ముగ్గుపిండితో గీత గీశారు. రెండుసార్లు పోయి రెండుసార్లు వస్తే 1600. ఒకడు సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు. వానొస్తే ముగ్గు పోతుంది, మళ్ళీ గీస్తారు. సెంటర్ మొత్తం పెట్టుబడి ముగ్గుపిండి పాకెట్!

సరే, మీలో కొందరు అడుగుతారు: ఇవన్నీ చిన్న విషయాలు గదా, వరండాలో కూర్చుంటే ఊరు మారుతుందా?

(నలుపు తెలుపు ఫోటో: లాంతరు, పలక.)

కలిగిరి మండలం దూబగుంట. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి పూట కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ళ వాచకంలో, ఊరి ఆడవాళ్ళంతా కలిసి సారా కొట్టు మూయించిన ఒక పాఠం ఉంది. దాని మీద మాటా మాటా కలిసింది. మనమూ ఆపలేమా అనుకున్నారు, ఆపారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ తర్వాత మద్య నిషేధం ఎత్తేశారు, అది వేరే గొడవ, దాన్ని ఇప్పుడు ముట్టుకోను. వాళ్ళు యువత కాదు, అది యూత్ సెంటర్ కాదు, ఒప్పుకుంటున్నా. కానీ రాత్రి ఒక వేళకు మనుషులు చేరే చోటు, అక్కడ మాట్లాడుకోవడానికి ఒక విషయం, ఇవి రెండూ ఉన్నాయి. కుండ నిండింది.

యువకులే కావాలంటారా? వేటపాలెం సారస్వత నికేతనం చూడండి. 1918లో హిందూ యువజన సంఘం పేరుతో మొదలైన గ్రంథాలయం అది. గాంధీగారు 1929లో భవనానికి శంకుస్థాపన చేశారు. లెక్క చూడండి, సంఘం పుట్టిన పదకొండేళ్ళకు శంకుస్థాపన. మనమేమో శంకుస్థాపన ముందు చేసి, సంఘాన్ని తర్వాత వెతుక్కుంటున్నాం. పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వస్తారు. (వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లా, తెలుసు. 2022 దాకా ప్రకాశమే గదా, మా వాటా మాకివ్వండి.)

ఇప్పుడు అసలు చిక్కు. అమ్మాయిలు.

చలివేంద్రం చుట్టూ ఎప్పుడూ పదిమంది మగాళ్ళు నిలబడి ఉంటే ఆడపిల్ల దాహంతోనే బస్సెక్కుతుంది గానీ అక్కడికి రాదు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా అంతే. గుడ్లూరు వైపు ఊళ్ళో కూడా మొదట్లో ఒక్క అమ్మాయీ రాలేదు. "వాళ్ళకు ఆసక్తి లేదన్నా" అన్నారు కుర్రాళ్ళు. ఆసక్తి కాదు నాయనా, వేళ! కాలేజీ బస్సు నాలుగున్నరకు దింపుతుంది, ఆరింటికి అమ్మాయి ఇల్లు కదలడానికి లేదు. వేళ మార్చి, నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా అమ్మాయిలకు పెట్టి, అంగన్‌వాడీ టీచర్‌ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత నోట్‌బుక్‌లో సగం వరసలు వాళ్ళవే. ఎవరి ఇంట్లో ఏం చెప్పి వచ్చారో నాకు తెలుసు, అది కెమెరా ముందు చెప్పను.

ఇంకోటి. అవ్వకు జ్వరమొస్తే? మా చిన్నప్పుడు జరిగింది, మూడు రోజులు కుండలు ఎండిపోయాయి. డీఎస్సీ చదివే ఆయనకు ఉద్యోగం వస్తే వెళ్ళిపోతాడు, వెళ్ళాలి కూడా. అందుకని మనుషులు ఇద్దరుండాలి, వాళ్ళకు ఎంతో కొంత డబ్బివ్వాలి. సేవ పేరుతో ఊరకే చేయించుకోవడం మన వాళ్ళకు బాగా అలవాటు. చవితి చందాలకు ఇంటికి వెయ్యి వసూలు చేసే ఊరు, నెలకు ఒక మనిషిని పోషించలేదా? డీజే ఒక్క రాత్రి మానేస్తే చాలు. కామెంట్లలో తిట్టండి, పర్లేదు.

(గడియారం చూసుకుని) అయ్యో, టైమైపోయింది. మిగిలింది గబగబా చెప్పేస్తా.

ఒకటి, రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకంతో తెరవండి, స్నేహితులైనా సరే. స్నేహితులైతే ఇంకా ముఖ్యం.

రెండు, కేంద్ర ప్రభుత్వ యువజన సంస్థలు. నెహ్రూ యువ కేంద్రం 1972లో పుట్టింది, ఊళ్ళో యువజన సంఘాలతో కలిసి పని చేయడమే దాని పద్ధతి. ఆటల పోటీలు, శిక్షణలు అలా వచ్చేవి. 2023 అక్టోబర్ 31న యువత కోసం మై భారత్ అనే వేదిక వచ్చింది, 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళు ఆన్‌లైన్లో నమోదు చేసుకోవచ్చు.

ఆర్‌సెటి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. బ్యాంకులు నడిపే ఉచిత శిక్షణ, భోజనం వసతి కూడా వాళ్ళదే. టైలరింగ్, సెల్‌ఫోన్ రిపేరు, బండి మెకానిక్కు. 1982లో కర్ణాటక ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థను చూసి దేశమంతా పెట్టారు. శిక్షణ అయ్యాక రెండేళ్ళ దాకా వాళ్ళే వెంట ఉండి చూసుకోవాలి. ఈ ముక్క చాలామందికి తెలియదు, అడిగి చేయించుకోండి.

పుస్తకాలు. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మీ డబ్బే. జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్ళి ఊరికి పుస్తక నిక్షిప్త కేంద్రం (బుక్ డిపాజిట్ సెంటర్) అడగండి. కాంపిటీటివ్ పుస్తకాలు కూడా కావాలని లిస్టు రాసి ఇవ్వండి, లేకపోతే ఏవి పంపితే అవే.

చోటు కోసం స్కూలు హెచ్‌ఎంని అడగండి, పంచాయతీ తీర్మానం చేయించండి, గ్రామసభలో ఊరి ప్రణాళికలో చేర్పించండి. కరెంటు బిల్లు ఎవరు కడతారో ఆ రోజే రాయించుకోండి. ఇది మర్చిపోతే మూడో నెలలో ట్యూబ్ లైటు ఆరిపోతుంది, నేను చూశాను.

అర్జీ పంపిన తమ్ముళ్ళకు జవాబు ఇచ్చాను. బిల్డింగ్ అన్న చోట కొట్టేసి "సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా స్కూలు వరండా, ఒక ట్యూబ్ లైటు" అని రాశాను. "ఇంత చిన్నది అడిగితే నవ్వుతారన్నా" అని మెసేజ్ పెట్టారు. పెట్టి ఊరుకోలేదు, సోమవారం అదే ఇచ్చొచ్చారు. పర్మిషన్ ఇంకా రాలేదు. ఈ లోపు రామాలయం పక్క అరుగు మీద మొదలుపెట్టారట. నోట్‌బుక్ నేను కొనిచ్చాను, గళ్ళు వాళ్ళే గీసుకున్నారు.

మా ఊరి తాళంచెవి ఇంకా టెంట్ హౌస్ దగ్గరే ఉంది. మీ ఊరిది ఎవరి దగ్గరుందో కింద రాయండి, వచ్చే వీడియోలో చదువుతా.