మా ముంగిట్లో బోర్డు పాతాలంటే

నమస్కారం. డాలస్‌లో ఆవకాయకు పనికివచ్చే మామిడికాయలు ఎక్కడ, ఎంతకు దొరుకుతాయో ఈ రోజు చూపిస్తానని పోయిన వారం మాట ఇచ్చాను; ఊళ్ళో అత్తయ్యగారు కూడా ఆ వీడియో కోసమే ఎదురుచూస్తున్నారు. తీరా బయలుదేరబోతూ మెయిల్‌బాక్స్ తెరిస్తే, ఇక్కడివారు హెచ్‌ఓఏ అని పిలిచే మా ఇంటి యజమానుల సంఘం నుంచి ఉత్తరం వచ్చి ఉంది. అందులో మా ఇంటి ఫోటో వేసి, పచ్చికలో ఉన్న బోర్డు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పది రోజుల్లోగా దాన్ని తీసివేయకపోతే 50 డాలర్ల జరిమానా తప్పదని రాశారు. డాలరు 90 రూపాయల లెక్కన అది 4,500. ఆ బోర్డు మీద ఉన్నదల్లా మా అమ్మాయి ఫోటో, ఈ ఏడాది తాను హైస్కూలు పూర్తి చేస్తోందన్న ఒక్క వాక్యం.

ఇక్కడ పిల్లలు పన్నెండో తరగతి పూర్తిచేసే కాలంలో ఇలాంటి బోర్డును ఇంటి ముందు పాతడం ఆనవాయితీ. అడుగున్నర ఎత్తు, రెండడుగుల వెడల్పు ఉన్న ముడతల ప్లాస్టిక్ అట్ట, దాన్ని నేలలో గుచ్చడానికి రెండు ఇనుప తీగ కాళ్ళు, అంతే. మేము 25 డాలర్లు, అంటే 2,250 రూపాయలు పెట్టి చేయించాము. మన ఊళ్ళో అయితే ఈ సందర్భానికి వీధి మొదట్లో పదడుగుల ఫ్లెక్సీ లేచి, అందులో అమ్మాయి కంటే బాబాయిలూ మేనమామలే ఎక్కువగా కనిపించేవారని మీకు వేరే చెప్పనక్కరలేదు. మా తప్పల్లా తొందరపడటమే. పట్టా ప్రదానోత్సవానికి రెండు వారాల ముందు నుంచి, ఆ తరువాత వారం వరకు మాత్రమే ఇటువంటి బోర్డు ఉండవచ్చునని మా సంఘం నిబంధన; ఉత్సవం మే చివర్లో అయితే, ఆపుకోలేక నేను ఏప్రిల్‌లోనే పాతేశాను. ఏటా 900 డాలర్లు, అంటే 81,000 రూపాయలు చందా కట్టించుకునే సంఘం, ఆ డబ్బుతో వీధుల వెంట తిరిగి మన ముంగిళ్ళకే ఫోటోలు తీయించడం చూస్తే ఒళ్ళు మండదా చెప్పండి.

ఆ మంటలోనే కెమెరా పట్టుకుని మా వీధంతా నడిచాను. మాకు రెండిళ్ళ అవతల ఒక అభ్యర్థి పేరుతో, మా బోర్డుకు రెట్టింపున్న బోర్డు నిలబడి ఉంది. వారికి ఉత్తరం రాలేదు, రాదు కూడా. మే చివర్లో, పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల రెండో విడత ఉంది, టెక్సస్ రాష్ట్ర చట్టమే ఆ బోర్డుకు కాపలా కాస్తోంది. పోలింగుకు 90 రోజుల ముందు నుంచి, అది ముగిసిన 10 రోజుల వరకు, ఇంటి యజమాని పెట్టుకున్న ఎన్నికల బోర్డును సంఘం నిషేధించడానికి వీల్లేదు. అయితే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్క బోర్డే ఉండాలని, దాన్ని నేలలోనే పాతాలని, అది నాలుగడుగులు ఆరడుగుల కొలతను మించరాదని సంఘం పట్టుబట్టవచ్చు. బోర్డుకు బెలూన్లు, దీపాలు తగిలించడాన్నీ, చెట్టుకో వాహనానికో కట్టడాన్నీ, పక్కన పాటలు మోగించడాన్నీ కూడా వద్దనవచ్చు. ఆ చివరి మాట చదివినప్పుడు మన మైకు ఆటోలు గుర్తుకు వచ్చి, కోపంలోనూ నవ్వు ఆగలేదు. నేను ముఖమైనా ఎరుగని అభ్యర్థి పేరుకు చట్టం రక్షణ ఉంది. నేను కని పెంచిన పిల్ల పేరుకు మా సంఘం దయే దిక్కు.

వీధి చివర ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడు నా చేతిలోని ఉత్తరం చూసి ఆపి, తన స్వస్థలమైన సెయింట్ లూయిస్ పక్కనున్న లాడ్యూ అనే చిన్న పట్టణం కథ చెప్పారు. అక్కడ మార్గరెట్ గిల్లియో అనే ఆవిడ 1990 డిసెంబరులో గల్ఫ్ యుద్ధం వద్దంటూ ఇంటి ముందు బోర్డు పెడితే, మొదటిది మాయమైంది, రెండవదాన్ని ఎవరో పడగొట్టారు; పోలీసులకు చెబితే అసలు ఆ పట్టణంలో అలాంటి బోర్డులే నిషిద్ధమన్నారు. ఆమె కోర్టుకెక్కింది. ఆ తరువాత మేడమీద కిటికీలో మామూలు కాగితమంత, అంటే ఎనిమిదిన్నర అంగుళాలకు పదకొండు అంగుళాల శాంతి సందేశం అంటించింది. ఇల్లు అమ్మకానికి ఉందన్న బోర్డును అనుమతించిన ఆ పట్టణం, ఈ కాగితాన్ని మాత్రం ఒప్పుకోలేదు. చివరికి 1994లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ఆమె పక్షాన నిలిచారు. తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్, ఒకరి ఇంటి ముందున్న బోర్డు, ఆ మాట చెబుతున్నది ఎవరో కూడా చెబుతుందని గుర్తించారు.

అమ్మకం బోర్డులకూ ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. న్యూజెర్సీలోని విల్లింగ్‌బరో అనే పట్టణం, నల్లజాతివారు ఇళ్ళు కొనడం చూసి తెల్లవారు భయంతో ఇళ్ళమ్ముకుని వెళ్ళిపోతారేమోనని ఆ బోర్డులనే నిషేధిస్తే, 1977లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

ఇవన్నీ విని నాకు ధైర్యం వచ్చి, మరి నేనూ పోరాడవచ్చు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. రాజ్యాంగం చేతులు కట్టేది ప్రభుత్వానికి మాత్రమే; హెచ్‌ఓఏ అనేది, ఇల్లు కొనేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాల కట్ట వల్ల మన మీద అధికారం సంపాదించిన ప్రైవేటు సంఘం. రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసిన చోట తప్ప, దాని మాటే చెల్లుతుంది. పోనీ కాలిబాటకూ రోడ్డుకూ మధ్యనున్న గడ్డి పట్టీలో పాతుదామంటే, దానికి నీళ్ళు పెట్టి, కోయించే ఖర్చు మాదే అయినా, అక్కడ బోర్డు కనబడితే పట్టణం వారు పీకి పట్టుకుపోతారు.

ఇంటికి వచ్చి అత్తయ్యగారికి వీడియో కాల్ చేసి ఇదంతా చెబితే, ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "మరి గుమ్మానికి మావిడాకుల తోరణం కూడా కట్టనివ్వరా అమ్మా?" అని. కట్టనిస్తారు. మతవిశ్వాసంతో గుమ్మానికి పెట్టుకునేవాటిని సంఘాలు అడ్డుకోకుండా టెక్సస్ 2011లో చట్టం చేసింది, కానీ అప్పట్లో అవన్నీ కలిపి 25 చదరపు అంగుళాలు మించకూడదన్నారు. అది నా అరచేతికి కాస్త ఎక్కువ. 2021లో ఆ కొలతను ఎత్తివేశారు, కాబట్టి మా తోరణం ఇప్పుడు గుమ్మం పొడవునా వేలాడుతోంది. జెండా సంగతి వేరు. అమెరికా జెండాకు, టెక్సస్ జెండాకు, సైనిక దళాల జెండాలకు రాష్ట్ర చట్టం అండ ఉంది, మన మూడు రంగుల జెండా ఆ జాబితాలో లేదు. అందుకే ఏటా ఆగస్టు 15న మేము దాన్ని హాల్లోనే నిలబెట్టి, నలుగురమే వందనం చేస్తాము. బయట అప్పుడు చప్పుడేమీ ఉండదు.

సాయంత్రం బోర్డు పీకి గరాజ్‌లో, ఖాళీ ఆవకాయ జాడీల పక్కన నిలబెట్టాను. ఎనిమిది రోజుల అజ్ఞాతవాసం తరువాత, నిబంధన ప్రకారం మూడు వారాలు మళ్ళీ పాతుకోవచ్చు. అవి గడిచాక చెత్తలో వేయడమే కదా అని నేనంటే, అత్తయ్యగారు గట్టిగా వద్దన్నారు. "జూలైలో వచ్చేటప్పుడు ఇటు పట్టుకురా, మన గేటుకు కట్టిస్తాను, ఎవరొచ్చి తీయమంటారో చూద్దాం." టేపు పెట్టి కొలిచాను. తీగ కాళ్ళు విడదీస్తే, పెద్ద సూట్‌కేసులో మడవకుండానే పడుతోంది.