అందరూ చదివేస్తున్న పుస్తకాన్ని పక్కన పెట్టేముందు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

"ఫలానా పుస్తకం లక్షల కాపీలు పోయిందట, మీరింకా చదవలేదా?" తెలుగు పుస్తకాలు చదివే నలుగురు పర్లాకిమిడిలో కలిసినా, గుణుపురంలో కలిసినా, బరంపురంలో కలిసినా ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవాళ్ల మనసులో చెడు ఏమీ ఉండదు. విన్నవాళ్లకి మాత్రం ఎవరికో బాకీ పడ్డట్టు ఉంటుంది. అలాంటి బాకీ ఏదీ లేదని చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను. అయితే ఒక పుస్తకాన్ని వదిలేయడానికి కూడా కొంత పని చెయ్యాలి. ఆ పని చెయ్యకుండా వదిలేస్తే అది బద్ధకం, చేసి వదిలేస్తే అది ఎంపిక.

ముందు లెక్క చూద్దాం. మన వైపు చాలామందికి బడి చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగింది. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, సాయంత్రం ప్రైవేటు చెప్పే మాస్టారి దగ్గరో వచ్చినవి. అందుచేత తెలుగు పేజీ మీద కన్ను నెమ్మదిగా నడుస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు గాని, లెక్కలో వేసుకోవాలి. ఎవరి వేగం వాళ్లే కొలుచుకోవచ్చు. ఇదివరకు చదవని నవల ఒకటి తీసుకుని, యాభై పేజీలు దాటాక, పది నిమిషాలు గడియారం పెట్టుకుని చదవండి. మొదటి పేజీలతో కొలవకండి. పేర్లు, ఊళ్లు, వరసలు పరిచయమయ్యేదాకా ఎవరైనా నిదానంగానే చదువుతారు కాబట్టి లెక్క తప్పుతుంది. వచ్చిన పేజీల్ని మూడుతో హెచ్చిస్తే అరగంట వేగం తేలుతుంది.

అరగంటకి 8 పేజీలు అనుకుందాం. రోజూ తప్పకుండా అరగంట కూర్చుంటే ఏడాదికి 2,920 పేజీలు. 400 పేజీల పుస్తకం 50 రోజులు పడుతుంది. అంటే ఏడాదికి అలాంటివి ఏడు. పెళ్లిళ్లు, పండగలు, పిల్లల పరీక్షలు, జ్వరాలు తీసేస్తే ఐదు మిగిలితే గొప్ప. ఆ ఐదులో ఒకటి "అందరూ చదివారు కదా" అని చదివితే, మన ఏడాది తెలుగు చదువులో ఐదో వంతు వేరే వాళ్ల ఇష్టానికి ఇచ్చేసినట్టే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. గ్రంథాలయాలకి చెప్పిన ఆ మాటని మనం ఇంట్లో కూడా పాటించవచ్చు.

ఇక ఆ "లక్షల కాపీలు" అనే మాట. అది అబద్ధమని నేననను. ఎలా తయారైందో చూడమంటాను. ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకాలంటూ న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసే జాబితా 1931 నుంచి వస్తోంది. వాళ్లు ఎంచుకున్న దుకాణాలు పంపే అమ్మకాల వివరాల మీద దాన్ని తయారుచేస్తారు. ఏ దుకాణాలో బయటపెట్టరు. ఎవరైనా మూకుమ్మడిగా కొన్నట్టు సమాచారం ఉంటే పుస్తకం పేరు పక్కన చిన్న బాకు గుర్తు వేస్తారు. ఆ గుర్తు అవసరమైందంటేనే మూకుమ్మడి కొనుగోళ్లు జరుగుతున్నాయని అర్థం. అమెజాన్ ర్యాంకులు రోజులో ఎన్నోసార్లు మారతాయి, పైగా విభాగానికో జాబితా ఉంటుంది. చిన్న విభాగంలో ఒక పూట నాలుగు కాపీలు ఎక్కువ పోతే "నంబర్ వన్" అయిపోవచ్చు. ఆ పూట దక్కిన బిరుదు అట్ట మీద ఏళ్ల తరబడి ఉంటుంది.

తెలుగు పుస్తకానికైతే అట్ట నమ్మక్కర్లేదు. లోపలి పేరు పేజీని తిప్పి దాని వెనక చూడండి. మొదటి ముద్రణ ఎప్పుడు, ఇది ఎన్నో ముద్రణ, ప్రతులు ఎన్ని, హక్కులు ఎవరివి, వెల ఎంత, ఏ ప్రెస్సులో వేశారు, అన్నీ అక్కడే ఉంటాయి. "పదో ముద్రణ" అని ఉంటే ప్రతుల సంఖ్య కూడా చూడండి. ముద్రణకి 500 చొప్పున పది ముద్రణలంటే 5,000 కాపీలు. తెలుగులో అది మంచి సంఖ్యే, గౌరవించాల్సిందే, కానీ లక్షలు కాదు. ప్రతుల సంఖ్య వెయ్యకుండా ముద్రణల సంఖ్య మాత్రం పెద్ద అక్షరాల్లో వేస్తే ఆ లెక్కని పక్కన పెట్టండి.

అనువాదమైతే అదే పేజీలో మరో మూడు చూడాలి. మూల పుస్తకం పేరు, అది మొదట వచ్చిన సంవత్సరం, అనువాదకుల పేరు. అనువాదకుల పేరు లేని పుస్తకం మీద నాకు నమ్మకం లేదు. చేసిన పనికి పేరు కూడా వెయ్యని చోట, ఆ పనిని ఇంకొకరు సరిచూసి ఉంటారని అనుకోవడం కష్టం. సంవత్సరం ఎందుకంటే, డబ్బు గురించో ఆరోగ్యం గురించో చెప్పే పుస్తకం ఇరవై ఏళ్ల నాటిదైతే సలహాలు పాతబడి ఉంటాయి. అమెరికా పదవీ విరమణ ఖాతాల మీద, అక్కడి ఇళ్ల అప్పుల మీద అల్లిన పొదుపు సూత్రాలు, ప్రావిడెంట్ ఫండు, పోస్టాఫీసు ఆర్.డి., ఊళ్లో చిట్టీ ఉన్న రాయగడ ఉద్యోగికి ఎంతవరకు అక్కరకొస్తాయి? పొదుపు చెయ్యి, అప్పుకి దూరంగా ఉండు అన్నంత వరకే వస్తాయి. దానికి 300 పేజీలు అక్కర్లేదు.

ఈ వ్యక్తిత్వ వికాస పుస్తకాల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఎక్కువగా చేతులు మారుతున్నవి ఇవే. వీటిలో చాలావాటికి ఒక ముఖ్యమైన ఆలోచన ఉంటుంది. మిగిలింది ఉదాహరణలు. పరీక్ష చెయ్యడానికి అరగంట చాలు. విషయసూచిక మొత్తం చదవండి. మొదటి అధ్యాయం చదవండి. ఆఖరి అధ్యాయంలో చివరి ఐదు పేజీలు చదవండి. తర్వాత మధ్యలో ఏదో ఒక అధ్యాయం తీసి, అందులో మొదటి అధ్యాయంలో లేని కొత్త విషయం ఏముందో ఒక్క వాక్యంలో రాయండి. రాయగలిగితే పుస్తకం చదవదగ్గదే, ముందుకెళ్లండి. రాయలేకపోతే దాని సారం అప్పటికే మీకు అందింది. నవలకి ఈ పద్ధతి పనికిరాదు, చివరి పేజీలు ముందే చూస్తే దాని బలం పోతుంది. నవలకి సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. 50 ఏళ్ల లోపు వాళ్లు 50 పేజీలు చదివి నిర్ణయించుకోవాలి. 50 దాటితే 100 లోంచి వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చాలు. మంచి సూత్రమే గాని, గంటకి 16 పేజీలు చదివేవాళ్లకి 50 పేజీలంటే మూడు గంటల పైమాట. మనకి మొదటి 20 పేజీలు, తర్వాత నూరో పేజీ దగ్గర ఓ ఐదు పేజీలు సరిపోతాయి. రెండో చోట ఎందుకంటే, చాలామంది రచయితలు మొదటి పేజీల్ని ఎంతో జాగ్రత్తగా చెక్కుతారు. చేయి జారేది తర్వాతే.

భాష సంగతి చూడాలంటే పైకి చదవండి. ఈ ఊళ్లో పాఠం చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టింది, జనం నోట ఉన్న భాష పుస్తకంలోకి రావాలనే కదా. ఆ పని అనువాదాల్లో ఇంకా పూర్తి కాలేదు. "అతని చేత ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకోబడింది, ఏదైతే అతని జీవితాన్ని మార్చివేసిందో" అని పుస్తకంలో ఉందనుకోండి. పైకి చదివితే నాలుక తడబడుతుంది. "అతను తీసుకున్న ఆ నిర్ణయంతో జీవితమే మారిపోయింది" అనాల్సిన చోటు అది. పేజీకి ఇలాంటివి ఒకటి రెండు ఉంటే సర్దుకుపోవచ్చు. మూడో నాలుగో ఉంటే పుస్తకం పూర్తయ్యేసరికి వందల సార్లు ఆగుతాం. తెలుగు నెమ్మదిగా చదివేవాళ్లు ఆ తప్పు తమదే అనుకుంటారు, తమకి తెలుగు రాదనుకుని పుస్తకాలకే దూరమవుతారు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఇదే. ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో మొదటి తెలుగు పుస్తకంగా ఇలాంటి అనువాదం పెడితే రెండోది ముట్టుకోదు.

కాబట్టి ఈ సభలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. ప్రసిద్ధమైన పుస్తకం ఇంగ్లీషులోనో మరో భాషలోనో పుట్టిందైతే, దాన్ని తెలుగులోనే చదవాలని ఏమీ లేదు. మీ కన్ను ఒడియాలో పరుగెడితే ఒడియాలో చదవండి, ఇంగ్లీషులో పరుగెడితే ఇంగ్లీషులో చదవండి. అలా చదివితే భాషకి ద్రోహం చేసినట్టు కాదు. మీ తెలుగు అరగంటని తెలుగులో పుట్టిన పుస్తకానికి దాచండి. ఆ పుస్తకం ఇంకే భాషలోనూ మీకు ఆ రుచితో దొరకదు. మంచి అనువాదకులు మనకి ఉన్నారు, వాళ్ల పుస్తకాలు పై పరీక్షకి నిలబడతాయి. అవి సంతోషంగా చదవండి.

చిన్న గ్రంథాలయాలు నడిపేవాళ్లకి కొన్ని మాటలు. పక్కనే ఆంధ్రలోని పాతపట్నంలో, టెక్కలిలో ఇంటిపన్ను మీద గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసలు వసూలవుతుంది, దాంతో అక్కడి గ్రంథాలయాలు నడుస్తాయి. సరిహద్దుకి ఇటున్న మన తెలుగు బీరువాలకి అందులో వాటా లేదు. చందాలతో కొంటాం. 36 అంగుళాల వెడల్పున్న బీరువా అరలో 400 పేజీల పుస్తకాలు సుమారు 35 పడతాయి. అడిగారని ఒకే పుస్తకం ఐదు కాపీలు కొంటే అరలో ఏడో వంతు పోతుంది. ఎన్ని కాపీలు కావాలో ఇలా తేల్చండి. ఎదురుచూసేవాళ్ల సంఖ్యని ఇచ్చే గడువుతో హెచ్చించండి. ఆరుగురు, ఒక్కొక్కరికి 15 రోజులు అంటే ఒక కాపీతో 90 రోజుల్లో అందరికీ అందుతుంది. పన్నెండు మంది ఉంటే రెండో కాపీ కొనండి, అంతే. ఆర్నెల్లు పోయాక ఆ పుస్తకాన్ని అడిగేవాళ్లు తగ్గిపోతారు. సొంతంగా కొనుక్కున్నవాళ్లే తెచ్చి విరాళంగా ఇస్తారు. 500 ప్రతులు వేసిన కథల సంపుటి అలా రాదు. అయిపోతే మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. అందుకని చందా డబ్బు ముందు దాని మీద పెట్టండి. తపాలా శాఖ 2025 మే నుంచి పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్నులు అదనం. కాబట్టి విశాఖ నుంచో విజయవాడ నుంచో తెప్పించేటప్పుడు ఒక్కొక్కటిగా కాకుండా నలుగురూ కలిసి ఒక కట్టగా తెప్పించుకుంటే పుస్తకానికి పడే ఖర్చు బాగా తగ్గుతుంది.

పేవ్‌మెంట్ మీద సగం ధరకి దొరికే దొంగ ముద్రణలు కొనకండి. రచయితకీ అనువాదకులకీ రూపాయి వెళ్లదన్నది మొదటి కారణం. రెండోది పుస్తకమే సరిగా ఉండదు. పుస్తకాలు సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. 176 తర్వాత 193 కనిపిస్తే మధ్యలో ఒక ఫారం ఎగిరిపోయినట్టే. అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి, వెనక పేజీ అచ్చు ముందుకి కనిపిస్తుంది.

ఎలాంటి కారణాలు చెల్లవో కూడా చెప్పాలి. "అందరూ చదువుతున్నారు కాబట్టి నేను చదవను" అనేది కారణం కాదు. జనాన్ని చూసి చదవడం, జనాన్ని చూసి మానేయడం, రెండింట్లోనూ నిర్ణయం జనానిదే. రచయిత కులం, ఊరు, పార్టీ కూడా కారణాలు కావు. "ఆడవాళ్లు చదివే పుస్తకాలు", "కుర్రాళ్ల పుస్తకాలు" అని కొట్టిపారేయడం మరీ తప్పు. వారపత్రికల సీరియళ్లు ఎంతోమందికి చదివే అలవాటు నేర్పాయి. ఇవాళ వ్యక్తిత్వ వికాస పుస్తకంతో మొదలుపెట్టిన కుర్రాణ్ణి చిన్నచూపు చూడకండి. తర్వాత ఏం చదవాలో అడిగినప్పుడు చెప్పేవాళ్లు పక్కన ఉంటే చాలు.

వదిలేసిన పుస్తకాన్ని తిట్టే హక్కు మనకి ఉండదు. "25 పేజీలు చదివాను, అనువాదం నడవలేదు, ఆపేశాను" అనొచ్చు. "చెత్త పుస్తకం" అనకూడదు, ఎందుకంటే చదవలేదు. మూడు సందర్భాల్లో మాత్రం మొహమాటం లేకుండా మొత్తం చదవాలి. మన ఇంట్లో పిల్లలు దాన్ని చదువుతుంటే, వాళ్లతో మాట్లాడటానికి. ఊళ్లో ఆ పుస్తకాన్ని నిషేధించాలని గొడవ లేస్తే, మాట్లాడే ముందు. దాని మీద సమీక్ష రాయమనో, సభలో మాట్లాడమనో ఎవరైనా అడిగితే, ఒప్పుకునే ముందు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వదిలేసిన పుస్తకం పేరు, తేదీ, ఎన్నో పేజీలో ఆపారు, ఎందుకు, ఈ నాలుగూ రాయండి. కారణం దగ్గర "నచ్చలేదు" అని రాయకండి, అది మీకే ఆర్నెల్ల తర్వాత ఏమీ చెప్పదు. "వాక్యాలు ఇంగ్లీషు ధోరణిలో ఉన్నాయి", "ఐదు భాగాల్లో మొదటిది, మొత్తం 2,000 పేజీలు, ఈ ఏడాది కుదరదు" అని రాయండి. రెండేళ్లకోసారి ఆ జాబితా తిరగేయండి. మొదటి రకం కారణాలు మారవు, వేరే అనువాదం వస్తే తప్ప. రెండో రకానివి మారతాయి. ఉద్యోగ విరమణ అయ్యాక అరగంట కాస్తా రెండు గంటలైతే ఆ ఐదు భాగాలకీ చోటు దొరుకుతుంది.