మూడో వారం అసైన్‌మెంట్ చూశాకే చేరండి

(పర్లాకిమిడిలో ప్లస్ టూ పూర్తిచేసిన తెలుగు విద్యార్థులకు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక వరసల్లో కూర్చున్న అమ్మలూ నాన్నలూ, అందరికీ నమస్కారం.

ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లన్నింటిలో ప్రశ్న ఒక్కటే. "సార్, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పైథాన్ భాష మంచిదా, సీ భాష మంచిదా? ఆన్‌లైన్‌లో ఏ కోర్సులో చేరాలి?" జవాబు చెప్తాను గానీ కాసేపు ఆగండి. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ కోర్సు చదివితే మా కాలేజీ క్రెడిట్ వేస్తుందా, అంటే డిగ్రీ లెక్కలో కలుపుకుంటుందా? ఇది మాత్రం ఎవరూ అడగరు.

ఆమధ్య ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, ఫస్టియర్ కుర్రాడొకడు నా దగ్గరకొచ్చాడు. ఒక విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి, డబ్బు కట్టి మరీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. కోర్సు మంచిదే, ఆ పాఠాలు నేనూ విన్నాను. కానీ కాలేజీలో "ఇది మా లిస్టులో లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పైథాన్ బాగానే వచ్చిన పిల్లాడు ఆ మూడు క్రెడిట్ల కోసం ఇంకో పేపరు చదవాల్సొచ్చింది. చేరే ముందు ఒక్కసారి అడిగుంటే సరిపోయేది.

మన దేశంలో క్రెడిట్‌కి పనికొచ్చే ఆన్‌లైన్ చదువంటే ముందుగా చూడాల్సింది కేంద్ర ప్రభుత్వం నడిపే 'స్వయం' వెబ్‌సైటు. 2017లో మొదలైంది. ఎన్‌పీటీఈఎల్ పేరుతో ఐఐటీలు ఇచ్చే ఆన్‌లైన్ కోర్సులు అందులోనే ఉంటాయి. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు ఇలా చదవనివ్వచ్చని 2021లో యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, నిబంధన తెచ్చింది. అయితే యూజీసీ ఒప్పుకుందంటే మీ కాలేజీ కూడా ఒప్పుకున్నట్టు కాదు. ఏ కోర్సు ఏ పేపరుకి బదులుగా చెల్లుతుందో కాలేజీయే చెప్పాలి. అందుకని కోర్సు సిలబస్ ప్రింటు తీసుకుని మీ డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) దగ్గరికెళ్లి, చెల్లుతుందని సంతకం పెట్టించుకోండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. హెచ్‌ఓడీ మారితే మాట కూడా మారుతుంది.

ఇక లెక్క. ఎన్‌పీటీఈఎల్‌లో 4 వారాల కోర్సుకి 1 క్రెడిట్, 8 వారాలకి 2, 12 వారాలకి 3. మీ పేపరు మూడు క్రెడిట్లదైతే 8 వారాల కోర్సు ఎంత బాగున్నా ఒకటి తగ్గుతుంది. వీడియోలు ఉచితం, పరీక్షకి మాత్రం ఫీజు కట్టాలి. వారం వారం అసైన్‌మెంట్లకి 25 మార్కులు, చివరి పరీక్షకి 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30, రెండూ రావాలి. 12 వారాల కోర్సులో బాగా చేసిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. అలాగని మొదటి నాలుగూ వదిలేసిన మహానుభావులున్నారు. ఐదో వారానికి వాళ్లకి అంతా అయోమయమే.

పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటరుకి వెళ్లాలి. ఒడిశాలో ఉన్నాం కాబట్టి ఒడిశా సెంటరే పెట్టాలన్న రూలేమీ లేదు. పక్కనున్న పాతపట్నం వెళ్తే మనకి ఆంధ్రాయే కదా. జాబితా చూసి బరంపురం వైపు సుఖమో, శ్రీకాకుళం, విశాఖ వైపు సుఖమో తేల్చుకోండి.

కోర్సు ఎంపికలో నాకున్నది ఒకే పరీక్ష. మొదటి వీడియో చూసి చేరొద్దు. మొదటి వీడియో పెళ్లిచూపుల్లాంటిది, అందరూ నవ్వుతూనే ఉంటారు. పాత సెమిస్టర్ల పాఠాలు వెతికితే దొరుకుతాయి. వాటిలో మూడో వారం అసైన్‌మెంట్ తెరవండి. అందులో అన్నీ "సరైన జవాబుకి టిక్ పెట్టుము" ప్రశ్నలేనా, లేక మీరు రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడిపి చూసి, తప్పుంటే తిప్పికొడుతుందా? రెండో రకమైతేనే చేరండి. టిక్కులతో క్రెడిట్ వస్తుంది, ప్రోగ్రామింగ్ రాదు. ఈత పుస్తకం చదివి మహేంద్రతనయ ఏట్లో దిగినట్టుంటుంది.

సరే, పైథానా, సీయా? సీని 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేశారు. పైథాన్ 1991లో బయటికొచ్చింది. రెండింటినీ 7/2 ఎంత అని అడిగి చూడండి. ఇప్పటి పైథాన్ 3.5 అంటుంది. సీ 3 అంటుంది. సీకి లెక్క రాక కాదు. రెండు పూర్ణాంకాలిచ్చారు కాబట్టి పూర్ణాంకమే ఇస్తానంటుంది. అంటే ఏ సంఖ్య ఏ రకానిదో మీరే ముందు ఆలోచించి పెట్టుకోవాలి. కంప్యూటర్ సైన్సే మేజర్‌గా తీసుకునేవాళ్లకి ఈ చాదస్తం అవసరం, సీతోనే మొదలుపెట్టండి. బీకాం, బోటనీ, ఎకనామిక్స్ వాళ్లు పైథాన్‌కే వెళ్లండి. మీకు కావాల్సింది వెయ్యి వరసల లెక్కల షీటుని పది లైన్లలో తేల్చడం. నా మాట కాదని గొడవపడే లెక్చరర్లున్నారు, పడనివ్వండి.

సీకి ఐఐటీ ఖరగ్‌పూర్ అనుపమ్ బసు గారి కోర్సు, పైథాన్‌కి ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ గారి 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్', రెండూ 12 వారాలవి. మాధవన్ ముకుంద్ గారి పైథాన్ కోర్సు కూడా చాలా మంచిది, కానీ దాని పేరులోనే డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ ఉన్నాయి, అవి ప్రోగ్రామింగ్ కొంచెం వచ్చాక చదివేవి. ఎప్పుడూ ఒక్క లైను కూడా రాయనివాళ్లు దాన్ని రెండో కోర్సుగా పెట్టుకోండి.

ఇంగ్లీషు పాఠం అర్థం కాదేమోనని టెన్షన్ పడేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. మన అవస్థ మనదే. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాశారు. అర్థమయ్యే భాషలో మొదలుపెట్టడం నామోషీ కాదు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో సీ పాఠాలు తెలుగులో కూడా వినచ్చు, ఒక్కోటి పది నిమిషాలు. వాటికి క్రెడిట్ లేదు. ముందు అవి విని, తర్వాత ఇంగ్లీషు వీడియోకి వెళ్తే ఆ మేష్టారు ఏం చెప్తున్నారో పట్టుబడుతుంది.

ల్యాప్‌టాప్ కొనాలా అని ఇందాక ఒక నాన్నగారు అడిగారు. ఇప్పుడే అప్పు చెయ్యకండి. మొదటి నెల కాలేజీ ల్యాబు, చేతిలో ఫోను చాలు. ఫోన్లు ఎలాగూ అందరి చేతుల్లో ఉన్నాయి కదా, తియ్యండి. ఒక కోర్సు మూడో వారం అసైన్‌మెంట్ తెరుద్దాం. మొదటి ప్రశ్న నేను చదువుతాను, జవాబు మీరు చెప్పండి.