రాత్రంతా నీళ్లు చేదినోళ్లకు కూలెంత?

అందరికీ నమస్తే. స్టేజీ మీద పెద్దమనుషులు చానామంది ఉన్నరు, ఒక్కొక్కరి పేరు చెప్పుకుంట పోతే పిలగాండ్లకు ఆకలైతది, అందుకే అందరికీ కలిపి ఒకటే దండం. కథల పోటీకి జడ్జిగ రా సారూ అంటే దేవరకొండ బస్సెక్కిన. ఐదు నిమిషాలు మాట్లాడమన్నరు, రిటైరైన పంతులుకు ఐదు నిమిషాలంటే గొంతు సవరించుకునుటానికే సరిపోతయి.

ఫస్ట్ ప్రైజు తెనాలి రామకృష్ణుని దొంగల కథకు ఇచ్చినం. మంచిగ చెప్పిండు బాబు. తోటల దొంగలు దాక్కున్నరని తెలిసి, నగలన్నీ పెట్టెల పెట్టి బావిల పడేస్తున్న అని పెండ్లానికి గట్టిగ చెప్తడు, దొంగలు తెల్లందాక నీళ్లు చేది పోస్తనే ఉంటరు, ఈయన చీకట్ల కాలువ మలుపుకుంట మళ్లు తడుపుకుంటడు. అందరం నవ్వినం, నేను గూడ నవ్విన. నవ్వినంక కడుపుల ఏదో కలుక్కుమన్నది, ఎందుకంటే మా ఇంట్ల అందరం నీళ్లు చేదినోళ్లమే.

మా నాయన మోట కొట్టేటోడు. ఈ పిలగాండ్లకు మోటంటే తెల్వది. ఎడ్లు దారిల కిందికి దిగుతుంటే బావిలకెళ్లి మోట, అంటే నీళ్లు తోడే పెద్ద బొక్కెన, పైకొస్తది, నీళ్లు కాలువల పడ్డంక అవే ఎడ్లు వెనక్కి వెనక్కి ఎక్కాలె. ఎద్దుకు వెనక్కి నడుసుడు నేర్పుడు ఏమన్న అల్కనా? అది తెలివి కాదా మరి? కథలల్ల కష్టపడెటోడంటే మొద్దోడు, తెలివిగల్లోడంటే చెమట పట్టనోడు, గట్ల ఎవరు రాసిండ్రో గాని.

ఇంకొకటి చెప్పి దిగిపోత. కుందేలు సింహాన్ని బావిల దుంకిచ్చింది, కరెక్టే, చిన్నదానికి తెలివే దిక్కు. మన పాలమూరు, నల్లగొండల నేను చూసింది ఉల్టా, ఇక్కడ తెలివి సింహానికే ఉంటది, దాని చేతుల నోటుబుక్కు గూడ ఉంటది.

నాగార్జునసాగర్ డ్యాంకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరమ్మ కాలువలకు నీళ్లిడిసింది, జీకే బుక్కుల ఇంతే ఉంటది. నడుమ రాళ్లు మోసిందెవలు? నడిమి పెద్దకట్టంతా రాతికట్టుడే గదా. కరువొస్తే మా అమ్మానాయన గూడ అడ్వాన్సు తీసుకొని కూలోళ్లను తోల్కపోయే గుంపు మేస్త్రీ ఎంబడి ఆడికే పోయిండ్రు. అమ్మకు సదువు రాదు, పనికెళ్లి రాంగనే గుడిసె గోడకు బొగ్గుతోని ఒక గీత గీసేది. ఒక నెల 26 గీతలైనయి. మేస్త్రీ బుక్కుల 19. "నా గోడ చూడు రా" అన్నదట. "నీ గోడకు సంతకం ఉన్నదా?" అన్నడట వాడు. సుట్టున్నోళ్లంతా నవ్విండ్రట, అచ్చం మనం ఇందాక నవ్వినట్టే.

ఆ నీళ్లన్న మాకొచ్చినయా? కింద మిర్యాలగూడ దిక్కు పచ్చగైంది, మా ఊరు కాలువకు మీదికుంటది, మేం ఫ్లోరైడు నీళ్లే తాగినం.

తెలివి వద్దంటలేను అమ్మా, బొగ్గు గీత గూడ తెలివే. ఆ ప్రైజొచ్చిన బాబు ఏడి? లే బిడ్డా. తోట కాసినంక రామకృష్ణుడు ఆ దొంగలకు ఒక్క వంకాయన్న ఇచ్చిండా? నవ్వకుర్రి, నిజంగనే అడుగుతున్న. మా అమ్మ పోయేదాక ఎవలన్న సాగర్ పేరెత్తితే చాలు, "నాకు 7 రోజుల కూలి రావాలె ఆడ" అనేది.

ఇగ ప్రైజులు ఇయ్యుండ్రి.